వేగంగా ముదిరే రొమ్ము క్యాన్సర్‌కు లక్షిత నానో చికిత్సలు

రొమ్ము క్యాన్సర్‌లో త్వరగా పెరిగి ఇతర అవయవాలకు పాకే రకాలు కొన్ని ఉన్నాయి. వాటికి ఇచ్చే మందును నానోమీటర్ల పరిమాణం గల వాహకాల్లో ఉంచి, వీలైనంత మేరకు కణితికే చేరేలా చూసే వైద్య విధానాలను లక్షిత నానో చికిత్సలు అంటారు. ఆరోగ్యకరమైన అవయవాలకు తగిలే మందు మోతాదును తగ్గించడం, కణితికి అందే మోతాదును పెంచడం వీటి ఉద్దేశం. లైపోసోమ్ రూపంలోని డాక్సోరూబిసిన్, ఆల్బుమిన్‌తో కలిపిన పాక్లిటాక్సెల్ వంటి మందులు ఆస్పత్రుల్లో వాడుకలో ఉన్నాయి. క్యాన్సర్ కణాల ఉపరితలాన్ని గుర్తించే అణువులను తొడిగిన నానోరేణువులు మాత్రం చాలావరకు ప్రయోగశాలల్లోనో, క్లినికల్ పరీక్షల దశలోనో ఉన్నాయి.

## నిర్వచనం, పరిధి

నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లో వంతు. క్యాన్సర్ వైద్యంలో వాడే నానోరేణువులు ఎక్కువగా 10 నుంచి 200 నానోమీటర్ల మధ్య ఉంటాయి. ఎర్ర రక్తకణం వ్యాసం దాదాపు 7,000 నానోమీటర్లు. ఈ వ్యాసంలో జీవకణం, మందు రేణువు ఒకటే అన్న భ్రమ కలగకుండా వాహకాన్ని ‘నానోరేణువు’ అనీ, శరీరంలోని కణాన్ని ‘కణం’ అనీ వ్యవహరించడమైనది.

లక్ష్యాన్ని చేరే పద్ధతులు రెండు. కణితిలోని రక్తనాళాల నిర్మాణ లోపాల వల్ల నానోరేణువులు అక్కడ పోగుపడటం నిష్క్రియ లక్ష్యీకరణ. క్యాన్సర్ కణంపై ఉండే నిర్దిష్ట గ్రాహకానికి అతుక్కునే యాంటీబాడీనో, పెప్టైడ్‌నో, మరో అణువునో రేణువు పైభాగాన అమర్చడం క్రియాశీల లక్ష్యీకరణ. రెండో పద్ధతి మొదటిదానికి ప్రత్యామ్నాయం కాదు. ఏ గ్రాహకాన్ని గుర్తించాలన్నా రేణువు ముందు రక్తనాళం దాటి కణితిలోకి చేరాలి.

యాంటీబాడీకి మందును నేరుగా రసాయన బంధంతో కలిపిన యాంటీబాడీ–మందు సంయోజకాలు కూడా దాదాపు 10 నానోమీటర్ల పరిమాణంలోనే ఉంటాయి. కొందరు వీటిని నానో వైద్యంలో చేరుస్తారు, మరికొందరు ప్రత్యేక తరగతిగా చూస్తారు. పోలిక కోసం వీటి ప్రస్తావన ఈ వ్యాసంలో ఉంది.

## వ్యాధి నేపథ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 6.7 లక్షల మంది దానితో మరణించారు. భారతదేశంలో అదే ఏడాది కొత్త కేసులు సుమారు 1.92 లక్షలు, మరణాలు సుమారు 98 వేలు.

చికిత్సను నిర్ణయించేది ప్రధానంగా మూడు గ్రాహకాలు: ఈస్ట్రోజెన్ గ్రాహకం, ప్రొజెస్టెరాన్ గ్రాహకం, హెర్–2 అనే ప్రొటీన్. బయాప్సీ ముక్కపై చేసే పరీక్షల్లో వీటి ఉనికి తెలుస్తుంది. హార్మోన్ గ్రాహకాలు ఉన్న క్యాన్సర్లు హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకునే మందులకు లొంగుతాయి. వేగంగా ముదిరే స్వభావం కింది రెండు రకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

### ట్రిపుల్ నెగటివ్ రకం

మూడు గ్రాహకాలూ లేని క్యాన్సర్ ఇది. ప్రపంచవ్యాప్తంగా రొమ్ము క్యాన్సర్లలో 10 నుంచి 15 శాతం దాకా ఈ రకానివి. భారతీయ మహిళలపై జరిగిన పలు అధ్యయనాల్లో ఈ వాటా అంతకంటే ఎక్కువగా, దాదాపు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా నమోదైంది. నలభై ఏళ్ల లోపు స్త్రీలలోనూ, బీఆర్‌సీఏ–1 జన్యువులో లోపం ఉన్నవారిలోనూ ఇది ఎక్కువ. వ్యాధి తిరగబెట్టే ప్రమాదం మొదటి మూడేళ్లలో అధికంగా ఉండి ఆ తర్వాత తగ్గుతుంది. ఊపిరితిత్తులకు, మెదడుకు పాకడం తరచుగా కనిపిస్తుంది. హార్మోన్ మందులకూ, హెర్–2 మందులకూ ఇందులో లక్ష్యం లేనందున కీమోథెరపీయే చాలాకాలం ఏకైక మార్గంగా ఉండేది.

ఈ రకం నిజానికి ఒకే వ్యాధి కాదు. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో జన్యు వ్యక్తీకరణ ఆధారంగా దీన్ని ఆరు ఉపరకాలుగా విభజించి, 2016లో ఆ సంఖ్యను నాలుగుకు సవరించారు. ఒక ఉపరకంలో దండిగా ఉండే గ్రాహకం మరొకదానిలో లేకపోవచ్చు. అందరికీ సరిపోయే ఒకే లక్ష్యం దొరకకపోవడానికి కారణం ఇదే.

### హెర్–2 పాజిటివ్ రకం

రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం దాకా ఉండే ఈ రకంలో హెర్–2 ప్రొటీన్ కణం ఉపరితలంపై మితిమీరి ఉంటుంది. 1998లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీని ఆమోదించాక ఈ రోగుల ఆయుర్దాయం గణనీయంగా మెరుగుపడింది. హెర్–2 గుర్తించడానికి తేలికైన లక్ష్యం కావడంతో క్రియాశీల లక్ష్యీకరణకు సంబంధించిన తొలి ప్రయోగాల్లో అధికభాగం ఈ రకంపైనే జరిగాయి.

చూడండి: రొమ్ము క్యాన్సర్; బీఆర్‌సీఏ జన్యువులు; ట్రాస్టుజుమాబ్

## చరిత్ర

రోగకారకాన్ని మాత్రమే వెతికి తాకే మందు అనే భావనను ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ప్రతిపాదించారు. ఆయనకు 1908లో నోబెల్ బహుమతి లభించింది. ఆ భావనకు వాహక రూపం అర్ధ శతాబ్దం తర్వాత వచ్చింది. 1960ల్లో ఇంగ్లండ్‌లోని బాబ్రహామ్‌లో అలెక్ బాంగ్‌హామ్ బృందం, ఫాస్ఫోలిపిడ్లు నీటిలో తమంతట తామే బోలు గోళాలుగా ఏర్పడతాయని చూపింది. లైపోసోమ్‌లుగా పేరొందిన ఈ గోళాల్లో మందును నింపవచ్చని తర్వాతి పరిశోధకులు గ్రహించారు.

తొలితరం లైపోసోమ్‌లను కాలేయం, ప్లీహంలోని భక్షక కణాలు త్వరగా మింగేసేవి. పాలిఇథిలీన్ గ్లైకాల్ (పెగ్) అనే పాలిమర్‌తో పైపూత వేయడంతో అవి రక్తంలో రోజుల తరబడి నిలిచాయి. 1986లో జపాన్‌లోని కుమమోటోలో యసుహిరో మత్సుమురా, హిరోషి మాయెదా ఒక కీలక పరిశీలనను ప్రచురించారు. కణితిలోని రక్తనాళాల గుండా పెద్ద అణువులు బయటికి స్రవిస్తాయనీ, శోషరస నాళాలు సరిగా పనిచేయనందున అక్కడే నిలిచిపోతాయనీ వారు చూపారు. దీనికి ‘పెరిగిన పారగమ్యత, నిలుపుదల ప్రభావం’ అని పేరు. సంక్షిప్తంగా దీన్ని ఈపీఆర్ అంటారు.

ఇజ్రాయెల్‌కు చెందిన యెహెజ్కేల్ బారెన్‌హోల్జ్, అల్బెర్టో గాబిజోన్ల కృషి ఫలితంగా రూపొందిన పెగ్ పూత గల లైపోసోమల్ డాక్సోరూబిసిన్ (డాక్సిల్) 1995లో ఎఫ్‌డీఏ ఆమోదం పొందింది. అది తొలి నానో ఔషధంగా గుర్తింపు పొందింది. మొదటి ఆమోదం ఎయిడ్స్ రోగుల్లో వచ్చే కపోసి సార్కోమాకు. తర్వాత ఐరోపాలో ‘కెలిక్స్’ పేరుతో, గుండెకు ముప్పు ఎక్కువగా ఉన్న రోగుల్లో ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి లభించింది. పెగ్ పూత లేని లైపోసోమల్ డాక్సోరూబిసిన్ (మయోసెట్) 2000లో ఐరోపాలో రొమ్ము క్యాన్సర్‌కు వచ్చింది. 2005 జనవరిలో ఆల్బుమిన్ నానోరేణు పాక్లిటాక్సెల్ (అబ్రాక్సేన్)ను ఎఫ్‌డీఏ రొమ్ము క్యాన్సర్‌కు ఆమోదించింది. పాలిమర్ మిసెల్‌ల రూపంలోని పాక్లిటాక్సెల్ (జెనెక్సోల్–పీఎం) దక్షిణ కొరియాలో విడుదలైంది.

## పనిచేసే విధానం

నరంలోకి ఎక్కించిన నానోరేణువు క్యాన్సర్ కణంలో మందు విడుదల చేసేలోపు నాలుగు దశలు దాటుతుంది.

### రక్తంలో మనుగడ

దాదాపు 6 నానోమీటర్లకు లోపు రేణువులను మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపేస్తాయి. 200 నానోమీటర్లకు మించిన వాటిని ప్లీహం, కాలేయం ఎక్కువగా పట్టుకుంటాయి. రక్తంలోకి రాగానే ప్లాస్మా ప్రొటీన్లు రేణువు చుట్టూ పొరలా పేరుకుంటాయి. దీన్ని ప్రొటీన్ కరోనా అంటారు. రేణువును శరీరం ఎలా గుర్తిస్తుందో ఈ పొరే నిర్ణయిస్తుంది. పెగ్ పూత దీన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా ఆపలేదు.

### కణితిలోకి ప్రవేశం

కణితి పెరిగే వేగానికి తగ్గట్టు కొత్త రక్తనాళాలు హడావుడిగా ఏర్పడతాయి. వాటి గోడల్లోని సందుల గుండా నానోరేణువులు చొరబడతాయన్నది ఈపీఆర్ సిద్ధాంత సారం. టొరంటో విశ్వవిద్యాలయంలో వారెన్ చాన్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం దీన్ని ప్రశ్నించింది. వారు పరిశీలించిన నమూనాల్లో 97 శాతం దాకా రేణువులు సందుల గుండా కాక, నాళపు గోడ కణాల గుండా క్రియాశీలంగా రవాణా అయ్యాయి. నాళం దాటాక కూడా కణితిలోని దట్టమైన కొల్లాజెన్ జాలం, లోపలి ద్రవపీడనం రేణువులను అడ్డుకుంటాయి. హార్వర్డ్‌లో పనిచేస్తున్న రాకేశ్ కె. జైన్ ఈ పీడనాన్ని విస్తృతంగా పరిశోధించి, కణితి నాళాలను చక్కబరిస్తే మందు రవాణా మెరుగుపడుతుందని ప్రతిపాదించారు.

### కణం లోపలికి

గ్రాహకానికి రేణువు అతుక్కున్నప్పుడు కణం తన పొరను లోపలికి మడిచి దాన్ని సంచిలా లాక్కుంటుంది. ఈ సంచే ఎండోసోమ్. దాని లోపల ఆమ్లత్వం పెరుగుతూ పోతుంది. రేణువు సకాలంలో బయటపడకపోతే మందు, ముఖ్యంగా ఆర్‌ఎన్‌ఏ వంటి సున్నితమైన సరుకు, జీర్ణ ఎంజైముల బారిన పడుతుంది.

### మందు విడుదల

విడుదలను కొన్ని పరిస్థితులకు ముడిపెట్టడం ఒక ప్రధాన వ్యూహం. రక్తం పీహెచ్ 7.4 కాగా కణితి బాహ్య వాతావరణంలో అది తరచు 6.5 నుంచి 6.9 మధ్య ఉంటుంది. ఎండోసోమ్‌లలో ఇంకా తగ్గుతుంది. ఆమ్లంలో తెగే బంధాలు ఈ తేడాను వాడుకుంటాయి. కణం లోపల గ్లుటాథయోన్ గాఢత బయటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ గనుక డైసల్ఫైడ్ బంధాలు అక్కడ తెగుతాయి. వేడి, కాంతి, అయస్కాంత క్షేత్రం, అల్ట్రాసౌండ్ వంటి బయటి ప్రేరణలతో విడుదల చేసే వాహకాలూ ఉన్నాయి. దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ దాటగానే మందు వదిలే లైపోసోమ్‌ను (థెర్మోడాక్స్) ఛాతీ గోడపై తిరగబెట్టిన రొమ్ము క్యాన్సర్‌లో పరీక్షించారు.

చూడండి: ఎండోసైటోసిస్, ప్రొటీన్ కరోనా, ఈపీఆర్ ప్రభావం

## నానోవాహకాల రకాలు

లైపోసోమ్‌లు: రెండు పొరల ఫాస్ఫోలిపిడ్ గోడ గల గోళాలు. నీటిలో కరిగే మందు లోపలి భాగంలోనూ, కొవ్వులో కరిగేది గోడలోనూ ఇముడుతుంది. డాక్సిల్ తయారీలో అమోనియం సల్ఫేట్ గాఢతలోని తేడాను ఉపయోగించి డాక్సోరూబిసిన్‌ను లోపలికి లాగుతారు. అక్కడ అది స్ఫటికంలా గట్టిపడి, కారిపోకుండా నిలుస్తుంది.

ప్రొటీన్ రేణువులు: రక్తంలో సహజంగా ఉండే ఆల్బుమిన్‌తో తయారవుతాయి. అబ్రాక్సేన్ రేణువు సగటు పరిమాణం 130 నానోమీటర్లు. రక్తంలోకి చేరాక అది ఇంకా చిన్న ఆల్బుమిన్–మందు సముదాయాలుగా విడిపోతుంది.

పాలిమర్ రేణువులు, మిసెల్‌లు: లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల సహపాలిమర్ (పీఎల్‌జీఏ) శరీరంలో నెమ్మదిగా కరిగిపోతూ మందును వదులుతుంది. మిసెల్‌లకు నీటిని ఇష్టపడే అంచు, కొవ్వును ఇష్టపడే నడిభాగం ఉంటాయి.

డెండ్రిమర్లు: నడిభాగం నుంచి కొమ్మలు కొమ్మలుగా విస్తరించే, కచ్చితమైన పరిమాణం గల అణువులు. అంచుల్లో మందునూ, లక్ష్య అణువునూ కలపవచ్చు.

అకర్బన రేణువులు: బంగారం, ఇనుప ఆక్సైడ్, రంధ్రాలు గల సిలికా ఇందులోకి వస్తాయి. సమీప పరారుణ కాంతిని పీల్చుకుని వేడెక్కే బంగారు నానోకవచాలతో రొమ్ము క్యాన్సర్ కణాలను చంపవచ్చని రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన నయోమీ హాలాస్, జెన్నిఫర్ వెస్ట్ బృందం 2003లో చూపింది. ఇనుప ఆక్సైడ్ రేణువులు ఎంఆర్‌ఐ చిత్రణలోనూ, శస్త్రచికిత్సకు ముందు చంకలోని తొలి శోషరస గ్రంథిని గుర్తించడంలోనూ పనికొస్తాయి.

లిపిడ్ నానోరేణువులు: ఆర్‌ఎన్‌ఏను మోసుకెళ్లడానికి రూపొందినవి. నరాలను దెబ్బతీసే అరుదైన జన్యువ్యాధికి 2018లో ఆమోదం పొందిన పాటిసిరాన్, కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు ఈ తరగతివి. రొమ్ము క్యాన్సర్‌లో వీటి వినియోగం పరిశోధన దశలో ఉంది.

జీవానుకరణ రేణువులు: ఎర్ర రక్తకణం, ప్లేట్‌లెట్, లేదా క్యాన్సర్ కణం పొరను రేణువుపై తొడుగుతారు. శరీరం దాన్ని తనదిగానే భావించి ఎక్కువసేపు రక్తంలో తిరగనిస్తుంది. కణాలు సహజంగా విడుదల చేసే ఎక్సోసోమ్‌లనూ వాహకాలుగా పరీక్షిస్తున్నారు.

## లక్ష్య గ్రాహకాలు

ట్రిపుల్ నెగటివ్ రకంలో సంప్రదాయ లక్ష్యాలు లేకపోయినా కణాల ఉపరితలంపై ఇతర అణువులు అధికంగా కనిపిస్తాయి. ఈజీఎఫ్‌ఆర్ అనే వృద్ధి గ్రాహకం వాటిలో ఒకటి. దానికి సెటుక్సిమాబ్ వంటి యాంటీబాడీలను రేణువులపై అమర్చుతారు. సీడీ–44 అనే ప్రొటీన్ మూలకణ స్వభావం గల క్యాన్సర్ కణాలపై ఎక్కువగా ఉంటుంది. శరీరంలో సహజంగా దొరికే హయలురోనిక్ ఆమ్లం దానికి అతుక్కుంటుంది గనుక ఆ ఆమ్లమే పూతగానూ, లక్ష్య అణువుగానూ పనికొస్తుంది. ట్రోప్–2 ప్రొటీన్ ఎక్కువ శాతం ట్రిపుల్ నెగటివ్ కణితుల్లో కనిపిస్తుంది. కణితి రక్తనాళాలపై ఉండే ఇంటెగ్రిన్‌లను ఆర్‌జీడీ అనే చిన్న పెప్టైడ్‌తో గుర్తిస్తారు. ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం వేగంగా విభజన చెందే కణాలపై, మెదడు రక్తనాళాలపై ఉండటంతో మెదడుకు పాకిన వ్యాధికి దాన్ని పరిశీలిస్తున్నారు.

ఫోలిక్ ఆమ్ల గ్రాహకం మరో లక్ష్యం. ఈ విటమిన్ చిన్న అణువు, చవక, రసాయనికంగా రేణువుకు కలపడం తేలిక. 1940ల్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో భీమవరానికి చెందిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి ప్రతిగా పనిచేసే అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందులూ అక్కడే రూపొందాయి. మెథోట్రెక్సేట్ 1970ల నుంచి రొమ్ము క్యాన్సర్ కీమోథెరపీ మిశ్రమాల్లో భాగమైంది.

చూడండి: యల్లాప్రగడ సుబ్బారావు; ఫోలిక్ ఆమ్లం; ఈజీఎఫ్‌ఆర్

## వాడుకలో ఉన్న మందులు, క్లినికల్ ఫలితాలు

### లైపోసోమల్ డాక్సోరూబిసిన్

డాక్సోరూబిసిన్ రొమ్ము క్యాన్సర్‌పై బలంగా పనిచేసినా, మొత్తం మోతాదు పెరిగేకొద్దీ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. ఇతర అవయవాలకు పాకిన వ్యాధి ఉన్న 509 మంది స్త్రీలపై జరిగి 2004లో ప్రచురితమైన పరీక్షలో, వ్యాధి ముదరకుండా ఆగిన కాలం లైపోసోమ్ రూపంతో 6.9 నెలలు, మామూలు మందుతో 7.8 నెలలు. గణాంకపరంగా రెండూ సమానమని తేలింది. గుండెకు నష్టం మాత్రం లైపోసోమ్ రూపంలో స్పష్టంగా తగ్గింది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కిపోయే హ్యాండ్–ఫుట్ సిండ్రోమ్ ఎక్కువైంది.

### ఆల్బుమిన్ పాక్లిటాక్సెల్

పాక్లిటాక్సెల్ నీటిలో కరగదు. మామూలు రూపంలో దాన్ని ఆముదం నుంచి తయారయ్యే క్రెమోఫోర్ అనే ద్రావకంలో కలుపుతారు. ఆ ద్రావకం తీవ్రమైన అలర్జీ కలిగించవచ్చు. అందుకే ముందుగా స్టెరాయిడ్, యాంటీహిస్టమిన్ ఇచ్చి, మూడు గంటలపాటు మందు ఎక్కిస్తారు. ఆల్బుమిన్ రూపాన్ని ఆ ముందస్తు మందులు లేకుండా 30 నిమిషాల్లో ఎక్కించవచ్చు. 2005లో ప్రచురితమైన మూడో దశ పరీక్షలో కణితి కుంచించుకున్న రోగుల వాటా ఆల్బుమిన్ రూపంతో 33 శాతం, మామూలు రూపంతో 19 శాతం. వ్యాధి మళ్లీ ముదిరే దాకా పట్టిన కాలం వరుసగా 23 వారాలు, 16.9 వారాలు. తెల్ల రక్తకణాలు తీవ్రంగా పడిపోవడం తగ్గింది, నరాల తిమ్మిరి పెరిగింది.

తర్వాతి ఫలితాలు ఏకరీతిగా లేవు. శస్త్రచికిత్సకు ముందు ఇచ్చిన కీమోథెరపీపై జర్మనీలో జరిగిన జెపార్‌సెప్టో పరీక్షలో, ట్రిపుల్ నెగటివ్ రోగుల్లో కణితి పూర్తిగా మాయమైనవారు ఆల్బుమిన్ రూపంతో 48 శాతం, మామూలు రూపంతో 26 శాతం. ఇటలీ పరిశోధకుల నాయకత్వంలోని ఎట్నా పరీక్షలో మాత్రం గణాంకపరంగా తేడా కనిపించలేదు. పాకిన వ్యాధిలో వారంవారీ మోతాదులను పోల్చిన అమెరికా పరీక్ష (సీఏఎల్‌జీబీ 40502) కూడా ఆల్బుమిన్ రూపానికి ఆధిక్యం చూపలేదు. దుష్ప్రభావాలు ఎక్కువయ్యాయి.

### ఇమ్యూనోథెరపీతో కలయిక

రోగనిరోధక కణాలను కట్టివేసే పీడీ–ఎల్1 ప్రొటీన్‌ను అడ్డుకునే అటెజోలిజుమాబ్‌ను ఆల్బుమిన్ పాక్లిటాక్సెల్‌తో కలిపి ఇచ్చిన ఇంపాషన్–130 పరీక్షలో, పీడీ–ఎల్1 పాజిటివ్ అయిన ట్రిపుల్ నెగటివ్ రోగుల్లో వ్యాధి ముదరని కాలం 5 నెలల నుంచి 7.5 నెలలకు పెరిగింది. ఎఫ్‌డీఏ 2019 మార్చిలో తాత్కాలిక ప్రాతిపదికన ఆమోదం ఇచ్చింది. మామూలు పాక్లిటాక్సెల్‌తో చేసిన తర్వాతి పరీక్షలో ప్రయోజనం కనిపించకపోవడంతో 2021లో తయారీ కంపెనీ అమెరికాలో ఆ ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. మరో ఇమ్యూనోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్‌కు ఆధారమైన కీనోట్–355 పరీక్షలో వాడిన కీమోథెరపీల్లోనూ ఆల్బుమిన్ పాక్లిటాక్సెల్ ఒకటి.

### పోలికకు: యాంటీబాడీ–మందు సంయోజకాలు

ట్రోప్–2ను లక్ష్యంగా చేసుకునే సాసిటుజుమాబ్ గోవిటెకాన్ 2020 ఏప్రిల్‌లో ట్రిపుల్ నెగటివ్ రకానికి తొలి ఆమోదం పొందింది. అసెంట్ పరీక్షలో మధ్యస్థ జీవితకాలాన్ని ఇది 6.7 నెలల నుంచి 12.1 నెలలకు పెంచింది. హెర్–2 తక్కువ స్థాయిలో ఉన్న రోగులకు ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్‌ను 2022 ఆగస్టులో ఎఫ్‌డీఏ అనుమతించింది. క్రియాశీల లక్ష్యీకరణకు పెద్ద పరీక్షల్లో లభించిన బలమైన రుజువులు ఇప్పటికి ఈ తరగతి నుంచే వచ్చాయి.

## పరిశోధన దశలోని విధానాలు

హెర్–2ను గుర్తించే యాంటీబాడీ ముక్కలను లైపోసోమల్ డాక్సోరూబిసిన్‌పై అమర్చిన ఎంఎం–302 ఈ రంగంలో చాలా దూరం వెళ్లిన ప్రయత్నం. రెండో దశకు చెందిన హెర్మయనీ పరీక్షను, అప్పటి ప్రామాణిక చికిత్సపై ఆధిక్యం చూపే అవకాశం లేదని తేలడంతో 2016 డిసెంబరులో నిలిపేశారు. అదే మందుకు రేడియోధార్మిక రాగిని జోడించి పెట్ స్కాన్‌తో 19 మంది రోగుల్లో పరిశీలించినప్పుడు, ఒక్కో కణితికి చేరిన మోతాదులో ముప్పై రెట్లకు మించిన తేడా కనిపించింది. మందు ఎక్కువగా చేరినవారికి ప్రయోజనం ఎక్కువగా ఉన్న ధోరణి కూడా గమనించారు.

హ్యూస్టన్ మెథడిస్ట్ పరిశోధన సంస్థలో మారో ఫెరారీ బృందం 2016లో మరో విధానాన్ని ప్రచురించింది. రంధ్రాలు గల సిలికాన్ చక్రికలో పాలిమర్‌కు కలిపిన డాక్సోరూబిసిన్‌ను నింపుతారు. చక్రిక ఊపిరితిత్తుల్లోని కణితి నాళాల్లో చిక్కుకుని కరిగిపోతూ, అక్కడికక్కడ నానోరేణువులను పుట్టిస్తుంది. ఊపిరితిత్తులకు పాకిన ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్ గల ఎలుకల్లో 40 నుంచి 50 శాతం దీర్ఘకాలం బతికాయి. ఎలుకల ఫలితం మనుషులకు నేరుగా వర్తించదు.

ధనావేశం గల లైపోసోమ్‌లు కణితి నాళాల లోపలి పొరకు ఎక్కువగా అతుక్కుంటాయి. ఈ సూత్రంపై తయారైన పాక్లిటాక్సెల్ రూపాన్ని (ఎండోట్యాగ్–1) ట్రిపుల్ నెగటివ్ రోగుల్లో రెండో దశ దాకా పరీక్షించారు. క్యాన్సర్‌ను పెంచే జన్యువుల నోరు నొక్కే చిన్న ఆర్‌ఎన్‌ఏలు, రెండు మందులను స్థిరమైన నిష్పత్తిలో మోసే రేణువులు, కాంతితో వేడెక్కే బంగారు రేణువులను ఇమ్యూనోథెరపీతో కలపడం, కణితిని చూపుతూనే మందు వదిలే థెరానోస్టిక్ రేణువులు ఇతర దిశలు.

## భద్రత, దుష్ప్రభావాలు

నానో రూపం విషప్రభావాన్ని తొలగించదు, దాని స్థానాన్ని మారుస్తుంది. లైపోసోమల్ డాక్సోరూబిసిన్‌లో గుండె నష్టం తగ్గి చర్మ సమస్యలు పెరగడం ఇందుకు ఉదాహరణ. మందు ఎక్కించే తొలి నిమిషాల్లో కొందరికి రోగనిరోధక వ్యవస్థలోని కాంప్లిమెంట్ ప్రొటీన్లు ప్రేరేపితమై ఆయాసం, ముఖం ఎర్రబడటం, రక్తపోటు పడిపోవడం జరుగుతాయి. నెమ్మదిగా ఎక్కించడం ద్వారా దీన్ని చాలావరకు నివారిస్తారు. పెగ్‌కు వ్యతిరేకంగా శరీరంలో యాంటీబాడీలు తయారైతే తర్వాతి మోతాదులు రక్తం నుంచి త్వరగా తొలగిపోవచ్చు. బంగారం, సిలికా వంటి శరీరంలో సులువుగా కరగని రేణువులు కాలేయం, ప్లీహంలో ఎక్కువకాలం నిలవడం దీర్ఘకాలిక పరిశీలన అవసరమైన అంశం.

## పరిమితులు, వివాదాంశాలు

అప్పటికి ముందు పదేళ్ల అధ్యయనాలను క్రోడీకరించి వారెన్ చాన్ బృందం 2016లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, జంతువులకు ఇచ్చిన నానోరేణువుల్లో మధ్యస్థంగా 0.7 శాతమే కణితికి చేరాయి. ఈ లెక్క కట్టిన పద్ధతిని కొందరు ప్రశ్నించారు. మామూలు మందుతో పోల్చి చూడాలే తప్ప శాతాన్ని విడిగా చూడరాదని వారి వాదన. ఈపీఆర్ ప్రభావం ఎలుకల్లో వేగంగా పెరిగే కణితుల్లో ఉన్నంతగా మనుషుల్లో ఉండదన్నది మరో అభ్యంతరం. రోగి నుంచి రోగికీ, ఒకే రోగిలోని ఒక కణితి నుంచి మరొకదానికీ అది మారుతుంది.

క్రియాశీల లక్ష్యీకరణపైనా చర్చ ఉంది. ప్రొటీన్ కరోనా కమ్మేస్తే ట్రాన్స్‌ఫెరిన్ వంటి లక్ష్య అణువులు గుర్తింపు శక్తిని కోల్పోతాయని 2013లో డబ్లిన్ పరిశోధకులు చూపారు. లక్ష్య అణువు కణితికి చేరే మొత్తాన్ని పెద్దగా పెంచకపోయినా, చేరినవాటిని కణాల లోపలికి పంపడంలో తోడ్పడుతుందని పలు అధ్యయనాల సారాంశం. గ్రాహకాలు గట్టిగా పట్టేయడం వల్ల రేణువులు నాళాల చుట్టుపక్కలే ఆగిపోయి లోతుకు వెళ్లని సందర్భాలూ ఉన్నాయి.

## తయారీ, నియంత్రణ

రేణువు పరిమాణం, ఉపరితల ఆవేశం, మందు పరిమాణం, విడుదల వేగంలో చిన్న మార్పు కూడా శరీరంలో ప్రవర్తనను మార్చగలదు. ప్రయోగశాలలో మిల్లీగ్రాముల్లో వచ్చిన నాణ్యతను కర్మాగారంలో నిలబెట్టడం కష్టం. రేణువుపై లక్ష్య అణువు చేరితే తయారీలో మరో మెట్టు, నాణ్యతా పరీక్షల్లో మరో వరుస పెరుగుతాయి. జెనరిక్ తయారీదారు మందు రసాయనికంగా ఒకటేనని చూపితే సరిపోదు. రేణువు భౌతిక ధర్మాలు, రక్తంలో స్వేచ్ఛగా ఉన్న మందు, రేణువులో ఉన్న మందు స్థాయిలు కూడా మూల ఔషధంతో సమానమని నిరూపించాలి. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం 2019లో నానో ఔషధాల మదింపుకు ప్రత్యేక మార్గదర్శకాలను విడుదల చేసింది. ఎఫ్‌డీఏ తుది మార్గదర్శకాలు 2022లో వచ్చాయి.

## భారతదేశంలో

కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం 2007లో నానో మిషన్‌ను ప్రారంభించింది. లైపోసోమల్ డాక్సోరూబిసిన్, ఆల్బుమిన్ పాక్లిటాక్సెల్ జెనరిక్‌లు దేశీయంగా తయారవుతున్నాయి. 2012లో అమెరికాలో డాక్సిల్ కొరత ఏర్పడినప్పుడు సన్ ఫార్మా తయారీ ‘లిపోడాక్స్’ తాత్కాలిక దిగుమతికి ఎఫ్‌డీఏ అనుమతించి, 2013లో ఆ సంస్థ జెనరిక్‌ను ఆమోదించింది. ఆల్బుమిన్, క్రెమోఫోర్ రెండూ లేని పాక్లిటాక్సెల్ నానో రూపాన్ని కూడా భారతీయ పరిశోధకులు అభివృద్ధి చేశారు. హైదరాబాద్ కంపెనీల్లో నాట్కో ఫార్మా ఆల్బుమిన్ పాక్లిటాక్సెల్‌ను, డాక్టర్ రెడ్డీస్ లైపోసోమల్ డాక్సోరూబిసిన్‌ను తయారుచేశాయి. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో లిపిడ్ వాహకాలు, బంగారు నానోరేణువులపై పరిశోధన జరుగుతోంది.

ట్రిపుల్ నెగటివ్ వాటా ఎక్కువగా ఉండటం, చాలామంది ముదిరిన దశలో ఆస్పత్రికి రావడం, ఖరీదైన యాంటీబాడీ మందులు అందరికీ అందుబాటులో లేకపోవడం వల్ల దేశీయ నానో జెనరిక్‌లకు ఇక్కడ ప్రత్యేక స్థానం ఉంది.

## ప్రాముఖ్యం

ఇప్పటిదాకా నానో చికిత్సల స్పష్టమైన విజయం భద్రతలో కనిపించింది. గుండెకు ముప్పున్న రోగి డాక్సోరూబిసిన్ పొందగలగడం, అలర్జీ ముప్పున్న రోగి పాక్లిటాక్సెల్‌ను అరగంటలో పొందగలగడం దాని ఫలాలే. జీవితకాలాన్ని పెంచడంలో ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. గ్రాహకాలను వెతికే రేణువు ఏదీ 2024 చివరి దాకా రొమ్ము క్యాన్సర్‌కు ఎఫ్‌డీఏ ఆమోదం పొందలేదు.

రోగుల ఎంపికే తర్వాతి పరీక్షలకు ప్రధానాంశమని పరిశోధకులు భావిస్తున్నారు. హెర్–2 మందును పరీక్ష చేయకుండా ఎవరికీ ఇవ్వరు. అలాగే నానో మందు ఇచ్చే ముందు కణితికి రేణువులు చేరతాయో లేదో పెట్ స్కాన్‌తోనో, ఇనుప ఆక్సైడ్‌తో చేసే ఎంఆర్‌ఐతోనో చూసి, చేరే అవకాశం ఉన్నవారికే ఇచ్చే పద్ధతిని చిన్న పరీక్షల్లో ప్రయత్నించారు. దీనితోపాటు కణితి ఉపరకం, గ్రాహకం స్థాయి తెలిస్తే, ఏ రోగికి ఏ వాహకం తగినదో చికిత్సకు ముందే నిర్ణయించే వీలుంటుంది.

## ఇవి కూడా చూడండి

కీమోథెరపీ, లైపోసోమ్, పాక్లిటాక్సెల్, డాక్సోరూబిసిన్, ఇమ్యూనోథెరపీ, యాంటీబాడీ–మందు సంయోజకాలు, ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు, క్లినికల్ పరీక్షల దశలు